కథలో తాతకు మాటలు లేవు



మార్చి నెలలో మన సంఘం తరఫున పిల్లల కథల పోటీ పెట్టినాము, గుర్తుందా? ఆ నోటీసు రాసింది మేమే. ఆరు షరతులు పెట్టినాము. రెండో షరతు ఇది: కథ తెలుగు లిపిలో మాత్రమే ఉండాలి, వేరే లిపిలో ఉంటే తీసుకోము. ఏప్రిల్ ఆఖరుకు గడువు అయిపోయింది. వచ్చిన కథలు మూడు. మూడూ చక్కని దస్తూరీతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. చదవగానే తెలిసిపోయింది, రాసింది అమ్మలూ నాయనలూ అని. ఒకదాంట్లో తొమ్మిదేళ్ల పిల్లవాడు సమాజం మేలుకోవలసిన సమయం ఆసన్నమైనదని చెప్పి కథ ముగించినాడు.

కమిటీలో ఒక పెద్దాయన, "ఈ కాలం పిల్లలకు కథ అల్లే ఓపిక యాడుంది" అన్నారు. మేమూ తల ఊపినాము. ఆ మాట తప్పని తెలిసేదానికి మాకు ఒక వేసవి సెలవు పట్టింది. దాన్ని గురించే ఈ పొడుగు రాత. తీరికగా చదవండి.

ఒక మాట ముందే చెప్పాల. మేము అంటే మా ఇంటామె, మేము. నలభై ఏళ్లుగా ఏ పనీ ఒక్కరమే చేసింది లేదు, ఇప్పుడు 'నేను' అని రాయబోతే చెయ్యి రాదు. చిన్నప్పటి సంగతి వచ్చినచోట మేము అంటే అన్నదమ్ములం ముగ్గురం. మా బడి చదువంతా తమిళంలో. తెలుగు రాత తరువాత నేర్చుకున్నది. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

బెంగళూరు నుంచి మా కూతురి కూతురు సెలవులకు వచ్చింది. పదకొండేళ్లు. వచ్చిన రోజు నుంచీ ఒక నోటు పుస్తకం చంకలో పెట్టుకొనే తిరుగుతా ఉంది. అన్నానికి పిలిస్తే, "ఒక్క నిమిషం అవ్వా, రైలు ఇంకా రాలేదు" అంటుంది. మా ఇంటికి ఎదురుగా రైలు పట్టాలు లేవు. ఏ రైలమ్మా అంటే నోటు పుస్తకం చూపించింది. ఇంగ్లీషులో కథ రాస్తా ఉంది. అప్పటికే ముప్పై పేజీలు.

కథ ఏమంటే, ఒక పిల్ల కథలు రాస్తా ఉంటుంది. ఒక రోజు తాను రాస్తున్న కథలోకే పోవాలనుకుంటుంది. ఆ లోకానికి పోవాలంటే నడుమ ఒక చిన్న స్టేషను ఉంది. అక్కడ టికెట్టు కొనుక్కోవాల. టికెట్టుకు డబ్బులు పనికిరావు, ఒక మాట ఇచ్చుకోవాల. వరసలో నిలబడ్డవాళ్లలో ఇంకెవరికీ తెలియని మాట అయి ఉండాల. టికెట్టు ఇచ్చేది ఒక ముసలాయన. మందపాటి అద్దాలు, చెవి మీద పెన్సిలు, పాతకాలం అట్ట టికెట్టు, దాని మీద టక్కుమని తేదీ గుద్దే ఇనుప మిషను. అంతా చదివి మురిసిపోయినాము. రిటైరు అయ్యేవరకూ బుకింగ్ కౌంటర్‌లో కూర్చున్నది ఎవరో తెలిసిందే కదా.

కానీ ఆ ముసలాయన కథంతటిలో ఒక్క మాట మాట్లాడడు. పచ్చ జెండా ఊపుతాడు, ఎర్ర జెండా ఊపుతాడు, తల ఆడిస్తాడు. అంతే. "తాత మూగవాడా అమ్మా?" అని అడిగినాము.

"మూగ కాదు తాతా. నువ్వు ఏ భాషలో మాట్లాడాలో నాకు తెలీలేదు. ఇంగ్లీషులో మాట్లాడిస్తే అది నువ్వు కాదు. తెలుగులో మాట్లాడిస్తే నాకు రాయడం రాదు. అందుకే జెండాలు ఇచ్చినాను."

ఆ రాత్రి మా ఇద్దరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఈ పిల్లకు ఇట్లాంటి ఆలోచన యాడి నుంచి వచ్చిందో మరునాడు అడిగితే, సంచిలో నుంచి రెండు పుస్తకాలు తీసింది. కథలు రాసే పిల్లలు కథల లోకంలోకి పోయే పుస్తకాలు చాలా ఉన్నాయంట. మధ్యాహ్నాలు కూర్చుని ఆ రెండూ మాతో చదివించింది. మా ఇంగ్లీషు గూడ్సు బండి వేగం. అర్థం కానిచోట అదే తెలుగులో చెప్పింది. మేము చదివినది చెప్తే మీ ఇండ్లలో పిల్లలకూ పనికివస్తుంది.

మొదటిది మిఖాయెల్ ఎండె అనే జర్మన్ రచయిత 1979లో రాసినది. తెలుగులో చెప్పాలంటే ముగింపు లేని కథ. బాస్టియన్ అని ఒక పిల్లవాడు. తల్లి చనిపోయింది, తండ్రి మాట్లాడడం మానేసినాడు, బడిలో పిల్లలు ఏడిపిస్తారు. వాడికి తెలిసింది ఒకటే, తనలో తాను కథలు అల్లుకోవడం. ఒక పాత పుస్తకాల అంగడిలో ఒక పుస్తకం ఎత్తుకొచ్చి బడి అటక మీద దాక్కొని చదువుతాడు. ఆ పుస్తకంలోని లోకాన్ని శూన్యం అనేది కొంచెం కొంచెంగా మింగేస్తా ఉంటుంది. అక్కడి రాణి చిన్నపిల్ల మాదిరి ఉంటుంది. ఆమెకు మనిషి బిడ్డ ఎవరైనా కొత్త పేరు పెడితేనే ఆ లోకం బతుకుతుంది. బాస్టియన్ పేరు పెట్టి పిలుస్తాడు. చంద్రుని బిడ్డ అని అర్థం వచ్చే పేరు. పిలిచిన క్షణమే కథలో పడిపోతాడు.

ఆ పుస్తకం మొదట అచ్చయినప్పుడు రెండు రంగుల సిరాలు వాడినారు. మన లోకంలో జరిగేది ఎరుపు, కథలోకంలో జరిగేది పచ్చ. మా పిల్ల తాతకు రెండు జెండాలు ఇచ్చింది అందుకేనంట. ఆ పుస్తకంలో ఇరవై ఆరు అధ్యాయాలు. ఒక్కో అధ్యాయం ఇంగ్లీషు అక్షరాల వరసలో ఒక్కో అక్షరంతో మొదలవుతుంది.

రెండోది కాథరిన్ వాలెంటే అనే అమెరికా రచయిత్రి 2017లో రాసినది, గాజు పట్నం ఆట. దీని వెనక నిజంగా జరిగిన సంగతి ఉంది. ఇంగ్లండులో హావర్త్ అనే ఊర్లో బ్రాంటీ అనే పాదిరీ ఇంట్లో నలుగురు పిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు, ఒక మగపిల్లవాడు. 1826 జూన్‌లో తండ్రి కొడుక్కు పన్నెండు కొయ్య సిపాయి బొమ్మలు తెచ్చి ఇచ్చినాడు. అప్పటికి పెద్దదానికి పదేళ్లు, చిన్నదానికి ఆరు. ఆ సిపాయిలకు పేర్లు పెట్టి, వాళ్లకు గాజు పట్నం అని ఒక పట్నం కట్టి, రాజులను, యుద్ధాలను, పత్రికలను కూడా కల్పించి, అగ్గిపెట్టె అంత చిన్న పుస్తకాల్లో చీమ అక్షరాలతో రాసుకున్నారు. సిపాయి బొమ్మలు చదువుకోవాలంటే పుస్తకం వాళ్లకు తగినంతే ఉండాల కదా. కాగితం దొరక్క చక్కెర పొట్లం కాగితాన్ని అట్టలుగా కుట్టినారు. ఆ ఆడపిల్లలు ముగ్గురూ పెద్దయ్యాక ఇంగ్లీషులో పేరున్న నవలలు రాసినారు.

వాలెంటే కథలో ఆ నలుగురు పిల్లలూ రైలు ఎక్కి తాము కల్పించిన పట్నంలోకే పోతారు. రైల్వే మనిషిగా ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేము. ఆ హావర్త్‌కు నిజంగా రైలు వచ్చింది 1867లో. అప్పటికి ఆ నలుగురిలో ఒక్కరూ బతికి లేరు. రైలు లేని ఊరికి కథ రైలు తెచ్చింది. మా పిల్ల కథలో స్టేషను యాడి నుంచి వచ్చిందో అర్థమైంది.

చక్కెర పొట్లం సంగతి చదివినప్పుడు మా ఇంటామె మా మొకం చూసి నవ్వింది. మా చిన్నప్పటి కథ ఆమె చాలాసార్లు విన్నది.

మా చిన్నతనం తిరుచ్చిలో, పొన్మలై రైల్వే కాలనీలో. నాయన వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. బడిలో తెలుగు లేదు. మేము ముగ్గురం అంబులిమామ చదివేవాళ్లం. అది చందమామకు తమిళం పేరు. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947లో మదరాసులో తెలుగు చందమామతో పాటే తమిళం అంబులిమామను కూడా మొదలుపెట్టినారు. మా మేనమామ మదరాసులో పని చేసేవాడు. వచ్చినప్పుడంతా అమ్మకు తెలుగు చందమామ తెచ్చేవాడు. అమ్మకు చదువు వచ్చు, మాకు రాదు.

ఒక రోజు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే అవే బొమ్మలు. అదే బేతాళుడు, అదే విక్రమార్కుడు, భుజాన అదే శవం. మారింది కింద అక్షరాలు మాత్రమే. అమ్మ తెలుగులో చదివి వినిపిస్తే మాకు ముందే తెలిసిన కథ. తమిళం పేజీలో విక్రమార్కుడి పేరు ఉన్నచోట తెలుగు పేజీలో వేలు పెట్టి, ఇది వి, ఇది క్ర అని మాకు మేమే పట్టుకున్నాము. పలక లేదు, పంతులు లేడు, ఓనమాలు లేవు. మాకు తెలుగు లిపి వచ్చింది శంకర్ గారు, చిత్రా గారు వేసిన బొమ్మల పక్కన.

సీరియలు ఉండేది. శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం. ఆ పేర్లు చెప్తేనే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యం గారు. ఆ రోజుల్లో సీరియలు మీద ఆయన పేరు వేసేవాళ్లు కాదు, మాకు పెద్దయ్యాకే తెలిసింది. నెల చివర హీరో లోయ అంచున వేలాడతా ఉంటాడు. వచ్చే నెల వరకూ ఆగడం ఎట్లా? మేమే తరువాతి భాగం రాసుకునేవాళ్లం. నాయన తెచ్చే పాత రైల్వే ఫారాల వెనక పక్క తెల్లగా ఉండేది. వాటిని సూదీ దారంతో కుట్టి పుస్తకం చేసినాము. కథలోకి మేమే పోయినాము. పెద్దన్న సేనాపతి, నడిపి వాడు మాంత్రికుడు, చిన్నవాడు ప్రతిసారీ కోతిగా మారిపోయేవాడు.

రాసిన భాష తెలుగు, రాసిన లిపి తమిళం. నడుమ నడుమ వచ్చిన తెలుగు అక్షరాలు. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కాబట్టి మా కథలో గుర్రమూ కుర్రమూ ఒకటే. మాకు ఏ ఇబ్బందీ లేదు, మేము చదివేది మా నోటి ధ్వనితోనే.

ఆ పుస్తకం ఒక రోజు బడికి తీసుకుపోయినాము. అదే తప్పు. ఒక పంతులు చూసినాడు. తరగతి ముందర నిలబెట్టి చదవమన్నాడు. చదివితే పిల్లలంతా నవ్వినారు. "ఇది తమిళం కాదు, తెలుగూ కాదు. రెండూ రాని వాళ్ల రాత" అని చెప్పి రెండుగా చించి కిటికీలో నుంచి వేసినాడు. ఆయన చెడ్డవాడు అని ఇప్పుడు అనము. మా మంచికే చేసినాను అనుకొని ఉంటాడు. తమిళం బాగా రావాలనే ఆయన తాపత్రయం. కానీ ఆ తరువాత మేము కథ రాయలేదు. ముగ్గురిలో ఒక్కరమూ, ఎప్పుడూ రాయలేదు. సేనాపతి లోయ అంచునే ఉండిపోయినాడు.

మళ్లీ బాస్టియన్ దగ్గరికి వస్తాము. కథలోకంలో వాడు ఏది కోరితే అది జరుగుతుంది. కానీ ఒక్కో కోరికకు తన పాత జ్ఞాపకం ఒకటి పోతా ఉంటుంది. తాను లావుగా ఉండేవాడని మరిచిపోతాడు, బడి మరిచిపోతాడు, చివరికి తన పేరే మరిచిపోతాడు. నడుమ ఒక పట్నానికి వస్తాడు. అక్కడ ఉన్నవాళ్లంతా వాడి మాదిరే ఒకప్పుడు మన లోకం నుంచి పోయినవాళ్లు. జ్ఞాపకాలన్నీ అయిపోయినాయి. ఏమీ గుర్తులేదు కాబట్టి కొత్తగా ఏమీ కోరుకోలేరు, కథ చెప్పలేరు. ఒకచోట కూర్చుని అక్షరాలున్న పాచికలు వేస్తా ఉంటారు. ఎప్పుడో ఒకసారి దానంతట అది ఒక మాట పడుతుంది. మళ్లీ వేస్తారు. అంతే వాళ్ల బతుకు.

ఆ భాగం చదివి మేము చాలాసేపు ఊరికే కూర్చున్నాము. మన సంఘంలో పిల్లలకు తెలుగు క్లాసు పెట్టినప్పుడు ఏం చేసినాము? గోడకు అక్షరమాల పటం తగిలించి అ, ఆ, ఇ, ఈ అని చదివించినాము. రెండు నెలల్లో పిల్లలు రావడం మానేసినారు. కథ లేకుండా అక్షరాలు మాత్రం ఇచ్చినాము. పాచికలు ఇచ్చినాము.

నాయకరాజుల కాలంలో వచ్చిన కుటుంబాలు మనవి. ఎంత పోగొట్టుకున్నామో లెక్క లేదు. కానీ ఇంకా పూర్తిగా ఆ పట్నం చేరలేదు. మన నోట్లో మాట ఇంకా ఉంది.

ఒక రాత్రి కరెంటు పోయింది. మిద్దె మీద చాప వేసుకొని పడుకున్నాము. పిల్ల కథ చెప్పమంది. గుణాఢ్యుడి కథ చెప్పినాము. మీకు తెలిసిందే. శాతవాహన రాజుకు సంస్కృతం నేర్పడానికి ఆరేళ్లు కావాల అన్నాడు గుణాఢ్యుడు. ఆరు నెలలు చాలు అన్నాడు శర్వవర్మ. అట్లా నేర్పితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేస్తానని గుణాఢ్యుడు పందెం కట్టి ఓడిపోయినాడు. మాట లేకుండా వింధ్య అడవికి పోయినాడు. అక్కడ పిశాచాల భాష నేర్చుకొని, సిరా లేక తన నెత్తురుతో ఏడు లక్షల శ్లోకాల కథ రాసినాడు. ఏడేళ్లు పట్టింది. రాజుకు పంపితే, ఇది పిశాచ భాష, నెత్తుటి రాత, నాకు వద్దు అన్నాడు రాజు. గుణాఢ్యుడు మంట వేసి, ఒక్కో ఆకు చదివి జంతువులకు వినిపించి మంటలో వేసినాడు. జింకలూ పందులూ మేత మానేసి కన్నీళ్లతో విన్నాయి. రాజు పరుగెత్తి వచ్చేసరికి మిగిలింది లక్ష మాత్రమే. ఆ మిగిలినదాన్నే 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు కథాసరిత్సాగరంగా సంస్కృతంలో చెప్పినాడు. మన బేతాళ కథలు అందులోవే.

పిల్ల లేచి కూర్చుంది. "భాష నచ్చలేదని రాజు కథ చదవనే లేదా?"

"చదవలేదు."

"అయితే ఆ రాజు కూడా నీ మాదిరే నోటీసు పెట్టినాడా తాతా?"

నోటీసు సంగతి దానికి ఎట్లా తెలుసంటే, ఫ్రిజ్ మీద అయస్కాంతంతో మేమే తగిలించినాము. దానికి చదవరాదు, అవ్వ చదివి చెప్పింది. రెండో షరతు విని, ఈ పోటీ నాకు కాదు అనుకొని ఊరుకుందంట. మాతో ఒక్క మాట అనలేదు. పందెంలో ఓడిపోయినవాడి మాదిరి మౌనంగా జెండాలు ఊపే తాతను రాసుకుంది.

చీకట్లో మా మొకాలు కనపడకపోవడం మంచిదైంది. మా పుస్తకం చించిన పంతులు మీద యాభై ఏళ్లకు పైన మనసులో కోపం పెట్టుకున్నాము. ఆయన నోటితో చెప్పినది మేము టైపు చేసి, సంతకం పెట్టి, వాట్సాప్‌లో మీ అందరికీ పంపినాము.

మరునాడు పొద్దున మా ఇంటామె పిల్లతో, "తాతకు మాటలు మనం ఇస్తాము రా" అంది. ముందు టికెట్టుకు మాట కావాల కదా. కథలో పిల్ల ఇంగ్లీషు మాటలు ఎన్ని ఇచ్చినా తాత తల అడ్డంగా ఆడిస్తాడు, అవి అందరి దగ్గరా ఉన్నవే. ఆ సాయంత్రం అవ్వ యథాలాపంగా, "పొద్దుగూకింది, లైటు వెయ్యి" అంది. పిల్ల పట్టుకుంది. "గూకింది అంటే? గూటికి పోయిందా?" అర్థం అది కాదు, కుంకింది, అస్తమించింది అని చెప్పబోయి ఆగినాము. ఎందుకు చెప్పాల? పొద్దు కూడా పక్షి మాదిరి గూటికి పోతుంది అనుకుంటే దాని కథలో ఆకాశం బాగుపడుతుంది. 'పొద్దుగూకు' అనే మాట ఇచ్చి ఆ పిల్ల టికెట్టు కొనుక్కుంది.

తరువాత తాత నోరు తెరవాల. ఏమంటాడు? "ఎక్కడికి వెళ్లాలి పాపా?" అని మేము పుస్తకం తెలుగులో చెప్పినాము. పిల్ల ఒప్పుకోలేదు. "నువ్వు అట్లా అనవు కదా. యాడికి పోవాల పాపా అంటావు కదా. నాకు అదే కావాల." మళ్లీ మేమే దిద్దబోయినాము, మళ్లీ అదే సరి చేసింది. యాడికి పోవాల పాపా. అది మొదట ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుంది. రాసుకొని చూసి, "ఇది నీ గొంతు మాదిరి కనిపించడం లేదు. తెలుగు అక్షరాల్లో ఎట్లా ఉంటుంది?" అని అడిగింది.

మేము అడగమనలేదు. తానే అడిగింది. య ఎట్లా రాయాలో, దానికి దీర్ఘం యాడ పెట్టాలో, డి ఎట్లా ముడుచుకుంటుందో నేర్చుకుంది. ఆ ఒక్క వాక్యానికి అర్ధగంట. తరువాత తాత మాట్లాడినచోటంతా తెలుగు అక్షరాలు, మిగిలిన కథ ఇంగ్లీషు. ఎండె ఎర్ర సిరా, పచ్చ సిరా వాడినట్లే ఇది రెండు లిపులు వాడింది. తాత వాగుడుకాయ అయిపోయినాడు. అది ఊరికి పోయేనాటికి ఇరవై చిల్లర అక్షరాలు వచ్చినాయి. బెంగళూరులో బడి తెరిస్తే ఎన్ని మిగులుతాయో మాకు భయమే. గొప్పలు చెప్పడానికి ఇది రాయడం లేదు.

ఇప్పుడు సంఘం పని. పోటీ గడువు పెంచి షరతులు మార్చాలని మా విన్నపం. పిల్లలు తెలుగులో నోటితో చెప్పినా తీసుకుందాము, ఫోనులో రికార్డు చేసి పంపితే చాలు. తమిళ, కన్నడ, ఒరియా, నాగరి, ఇంగ్లీషు ఏ లిపిలో రాసినా తీసుకుందాము. తెలుగు లిపి వచ్చిన పెద్దవాళ్లం కూర్చుని దాన్ని తెలుగులో ఎత్తి రాద్దాము. ఒక్క మాట కూడా మార్చకూడదు. హోసూరు తెలుగు హోసూరు మాదిరే, బళ్లారి తెలుగు బళ్లారి మాదిరే, బరంపురం, షోలాపూరు, యానాం యాడిది ఆడిదే ఉండాల. ఎత్తి రాసిన కథ పిల్లలకు చూపించి, కథ పేరు, తమ పేరు, తమకు నచ్చిన ఒక్క వాక్యం సొంత చేత్తో తెలుగు అక్షరాల్లో రాయమందాము. వార్షికోత్సవంలో స్టేజీ మీద వాళ్లే చదవాల.

ఈ మాట ఫోనులో చెప్తే ఒక పెద్దాయన కోప్పడినారు. "లిపి వదిలేస్తే భాష పోతుంది. మొదట ఇట్లాగే సడలిస్తారు, చివరికి ఏమీ ఉండదు" అన్నారు. ఆయన భయం ఉత్తది కాదు. లిపి రాకపోతే చందమామ లేదు, పోతన లేడు, పెండ్లి పత్రిక చదివే దిక్కు లేదు. మేము లిపి వద్దనడం లేదు. ముందు ఏది, తరువాత ఏది అనేదే మా మాట. మాకు లిపి బేతాళుడి వెనకాల వచ్చింది. మా మనవరాలికి తాత మాట వెనకాల వచ్చింది.

ఇంకొకటి ఆలోచించండి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు మన తెలుగు ఇంటి మనిషి. మన పెద్దలు ఆంధ్ర దేశం వదిలి తమిళ నేలకు వలస వచ్చిన కథను 1976లో గోపల్ల గ్రామం అని నవలగా రాసినారు. తమిళంలో రాసినారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు కూడా వచ్చింది. లిపి వేరే అని అది మన కథ కాదందామా? ఆయన చేతిలో నుంచి కూడా ఎవరైనా చిన్నప్పుడు కాగితం లాక్కొని చించి ఉంటే మన వలస కథ ఎవరు రాసేవాళ్లు?

ఎండె కథ చివర బాస్టియన్ ఇంటికి తిరిగి పోవాలంటే ఒక అడ్డు వస్తుంది. కథలోకంలో మొదలుపెట్టిన కథలన్నీ ముగించినావా అని అడుగుతారు. వాడు ముగించలేదు. అప్పుడు వాడి స్నేహితుడు అత్రేయు, వాటిని నేను ముగిస్తానని పూచీ పడతాడు. ఆ పేజీ దగ్గర మా పిల్లకు మా లోయ సేనాపతి సంగతి చెప్పినాము. కోతిగా మారే తమ్ముడి సంగతి కూడా. అది కొంచెంసేపు ఆలోచించి, "ఆ కోతి నాకు కావాల. స్టేషనులో ఉండనీ" అంది. ఇప్పుడు ఆ స్టేషనులో ఒక కోతి ఉంది. చిన్నవాడు చెన్నైలో ఉన్నాడు, అరవై దాటింది. ఫోను చేసి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు.

పోయిన ఆదివారం పిల్ల ఫోను చేసింది. కథను ఎండె మాదిరే అక్షరాల వరసలో పెట్టాలని, కానీ తెలుగు అక్షరాలతో పెట్టాలని నిర్ణయించుకుంది. ఒక్కో అధ్యాయం మొదట్లో తాత చెప్పే మాట ఆ అక్షరంతో మొదలవుతుంది. అ నుంచి ఊ వరకూ వచ్చింది. ఏడోది ఋ. అక్కడ ఆగిపోయింది. ఋషి అన్నాము, ఋతువు అన్నాము, ఋణం అన్నాము. ఒక్కటీ నచ్చలేదు. రాసేదానికి కూడా కష్టంగా ఉందంట.

"సరే తాతా, మన రైలు ఎక్స్‌ప్రెస్. ఋ దగ్గర ఆగదు. తిరిగి వచ్చేటప్పుడు చూస్తాం" అని పెట్టేసింది.

షరతుల మార్పు మీద మీ అభిప్రాయం ఈ వారంలోగా చెప్పండి. అంతకన్నా ముందు, మీ ఇంట్లో చంకలో నోటు పుస్తకం పెట్టుకొని తిరిగే పిల్ల ఉందేమో చూడండి. ఉంటే, దాని కథలో అవ్వాతాతలు ఏ భాషలో మాట్లాడతారో ఒక్కసారి అడగండి.